కెనడా ట్రాక్ అండ్ ఫీల్డ్ అథ్లెట్లకు ప్రభుత్వ భృతి: పెరిగిన డబ్బు ఎక్కడ ఆగుతోంది?

తొలకరి (బ్రాంప్టన్):

అందరికీ నమస్కారం. ఈ వేదికలో క్రికెట్ గురించి, హాకీ గురించి తరచుగా మాట్లాడుకుంటాం కానీ, మనం ఉంటున్న ఈ దేశం ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో కొన్నేళ్లుగా సాధిస్తున్న దాని గురించీ, దాని వెనక ఉన్న ప్రభుత్వ ధనం గురించీ ఎవరూ రాసినట్టు లేదు. నేను వారాంతాల్లో మా ఊరి క్లబ్బు పోటీలకు వాలంటీరుగా వెళ్తుంటాను. లాంగ్‌జంప్ పిట్ దగ్గర టేపు పట్టుకోవడం నా పని. అక్కడికి వచ్చే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పిల్లకు నిజంగా సత్తా ఉంటే ప్రభుత్వం ఏమైనా ఆదుకుంటుందా?"

2024 ఫెడరల్ బడ్జెట్‌లో, అథ్లెట్లకు నెలనెలా భృతి ఇచ్చే అథ్లెట్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్‌కు ఐదేళ్లకు గాను 35 మిలియన్ డాలర్లు అదనంగా ఇచ్చారు. దాంతో సీనియర్ కార్డు (భృతికి ఎంపికైనట్టు ఇచ్చే గుర్తింపును కార్డు అంటారు) ఉన్నవారి నెలసరి భృతి 1,765 డాలర్ల నుంచి 2,175కు, డెవలప్‌మెంట్ కార్డు ఉన్నవారి భృతి 1,060 నుంచి 1,305కు పెరిగింది. దీని మీద ఆదాయపు పన్ను లేదు. ఫలితాల సంగతి చూస్తే, 2023 బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో నాలుగు స్వర్ణాలు, రెండు రజతాలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ట్రాక్ అండ్ ఫీల్డ్‌లోనే మూడు స్వర్ణాలతో కలిపి ఐదు పతకాలు. 2025 టోక్యో ప్రపంచ పోటీల్లో మళ్లీ మూడు స్వర్ణాలు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ భృతి అవసరం, పెంపు న్యాయం. అయితే ఆ డబ్బు అథ్లెట్ పేరు ప్రపంచానికి తెలిశాకే చేతికి వస్తోంది. ఆ పేరు రావడానికి పట్టే ఐదారేళ్ల భారాన్ని ఇంటివాళ్లు, జీతం లేని కోచ్‌లు, పరాయి దేశపు యూనివర్సిటీలు మోస్తున్నారు. విషయం తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

పట్టిక (ఒట్టావా):

తొలకరి గారూ, ముందు ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో చెబితే మిగతా చర్చ తేలికవుతుంది. డబ్బు ఇచ్చేది స్పోర్ట్ కెనడా, అంటే కెనడియన్ హెరిటేజ్ శాఖలోని ఒక విభాగం. దేశం మొత్తం మీద అన్ని క్రీడల్లో కలిపి సుమారు 1,900 మందికి ఈ భృతి అందుతుంది. ఒక్కో క్రీడకు ఇన్ని కార్డులని కోటా ఉంటుంది. ట్రాక్ అండ్ ఫీల్డ్ విషయంలో ఎవరికి కార్డు ఇవ్వాలో అథ్లెటిక్స్ కెనడా సమాఖ్య ప్రతిపాదిస్తుంది, స్పోర్ట్ కెనడా ఆమోదిస్తుంది, సొమ్ము నేరుగా అథ్లెట్ బ్యాంకు ఖాతాలో పడుతుంది. సమాఖ్య చేతుల మీదుగా పోకుండా నేరుగా అందడం ఈ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

ఒలింపిక్స్‌లోనో ప్రపంచ పోటీల్లోనో మొదటి ఎనిమిది స్థానాల్లోనూ, పాల్గొన్నవారిలో పై సగంలోనూ నిలిస్తే అంతర్జాతీయ ప్రమాణం అందుకున్నట్టు. వారికి మొదటి ఏడాది ఎస్ఆర్1, రెండో ఏడాది ఎస్ఆర్2 అని కార్డు ఇస్తారు, కాబట్టి రెండేళ్లపాటు కొంత నిశ్చింత ఉంటుంది. ఆ స్థాయికి ఇంకా చేరని వారికి సమాఖ్య రాసుకున్న జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక్క ఏడాదికే కార్డు వస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. జాతీయ ప్రమాణంతో తొలిసారి సీనియర్ కార్డు అందుకున్నవారికి సీ1 అనే కార్డు ఇస్తారు. పేరుకు అది సీనియర్ కార్డే అయినా, భృతి మాత్రం డెవలప్‌మెంట్ రేటుకే వస్తుంది. అంటే పిల్లల పోటీలు వదిలి పెద్దల పోటీల్లోకి అడుగుపెట్టి, ఖర్చులు ఒక్కసారిగా పెరిగే ఏడాదిలో చేతికి వచ్చేది నెలకు 1,305 డాలర్లు, ఏడాదికి 15,660. టొరంటోలో గది అద్దెకు పోగా, నెలకు ఎన్నిసార్లు ఫిజియో దగ్గరికి వెళ్లగలరో మీరే లెక్కవేయండి.

కాలక్రమం కూడా గమనించండి. 2004లో సీనియర్ భృతిని 1,100 నుంచి 1,500కు పెంచారు. ఆ తర్వాత పదమూడేళ్లు కదలిక లేదు. 2017లో 1,765 అయింది, మళ్లీ ఏడేళ్లు నిలిచిపోయింది. ధరలు ప్రతి ఏడాదీ పెరుగుతుంటే భృతి మాత్రం బడ్జెట్ రాసేవారు తలచుకున్నప్పుడే పెరుగుతోంది. వృద్ధాప్య పింఛనును మూడు నెలలకోసారి ధరల సూచీని బట్టి సవరించే ప్రభుత్వానికి, ఈ కొద్దిమంది భృతిని సవరించడం ఏమాత్రం కష్టం కాదు.

గోదారి గట్టు (విన్నిపెగ్):

నేను ఇందుకు భిన్నమైన మాట చెప్పదలచుకున్నాను, మన్నించాలి. అత్యవసర విభాగంలో గంటలకొద్దీ కూర్చోవలసి వస్తున్న రోజుల్లో, ఫుడ్ బ్యాంకుల ముందు వరుసలు పెరుగుతున్న రోజుల్లో, తమకు నచ్చిన పని ఎంచుకున్న యువతీయువకులకు ప్రజల సొమ్ము నెలనెలా ఎందుకు ఇవ్వాలి? చిత్రకారులకూ నాటకాలవారికీ నెలజీతం ఇవ్వడం లేదు కదా. మా పేటలో పిల్లలు పరుగెత్తడానికి మంచి ట్రాక్ లేదు. ఏడాదిలో ఆరు నెలలు మంచు ఉండే ఈ ఊళ్లో లోపల పరుగెత్తే స్థలం కావాలంటే యూనివర్సిటీ మైదానంలో గంటకింత చొప్పున కట్టాలి. ఆ డబ్బే పేట పేటకూ ఒక మైదానానికి పెడితే వేలమంది పిల్లలకు ఉపయోగం. ఒకరి మెడలో పతకం పడితే మా అబ్బాయి ఆరోగ్యం బాగుపడదు.

పట్టిక (ఒట్టావా):

గోదారి గట్టు గారూ, మీ ప్రశ్న సబబైనదే కాబట్టి అంకెలతోనే జవాబిస్తాను. ఈ పథకం మొత్తం ఖర్చు పెంపు తర్వాత కూడా ఏడాదికి సుమారు 40 మిలియన్ డాలర్లు. దేశ జనాభా 4 కోట్లు దాటింది. తలకు ఏడాదికి ఒక డాలరు అనుకోండి. ఇది అన్ని క్రీడలకూ, పారాలింపిక్ క్రీడలకూ కలిపి. దీన్ని మొత్తంగా రద్దు చేసినా దేశంలో పేట పేటకూ ట్రాక్ రాదు. మైదానాల నిర్మాణం నగరపాలక సంస్థల, ప్రావిన్సుల పద్దు. దానికి అవసరమయ్యే సొమ్ము స్థాయి వేరు. కళాకారుల మాటకు వస్తే, కెనడా కౌన్సిల్ ఫర్ ది ఆర్ట్స్ ఏటా వందల మిలియన్ల డాలర్ల గ్రాంట్లు ఇస్తుంది.

అయినా మీరు అన్న మాటలో ఒక బలమైన అంశం ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. పైన పతకం, కింద మైదానం అనే రెండింటి మధ్య నిచ్చెన మెట్లు ఈ దేశంలో విరిగి ఉన్నాయి. తొలకరి గారు అడుగుతున్నదీ ఆ మెట్ల గురించే అనుకుంటాను.

చలిమంట (లండన్, ఒంటారియో):

మైదానాల ప్రస్తావన వచ్చింది కనుక మా ఊరి సంగతి రాయాలి. పది అంశాల పోటీ అయిన డెకథ్లాన్‌లో విజేత డామియన్ వార్నర్ మా ఊరివాడు. 2016 రియోలో కాంస్యం గెలిచినవాడు, అంటే ఈ దేశపు నిధుల పట్టికలో అగ్రశ్రేణిలో ఉన్నవాడు. 2020-21 చలికాలంలో కోవిడ్ వల్ల యూనివర్సిటీ లోపలి ట్రాక్ మూతపడితే, ఆయనకు సాధన చేసుకునే చోటు లేకుండా పోయింది. అప్పుడు ఊరివాళ్లు కలిసి ఫర్క్వార్సన్ అరీనా అనే పాత హాకీ రింకును నగరపాలక సంస్థను అడిగి తీసుకున్నారు. మంచు తీసేసిన నేల మీద పరుగుబాట పరిచారు, హర్డిల్స్ పెట్టారు, లాంగ్‌జంప్‌కూ పోల్‌వాల్ట్‌కూ ఏర్పాట్లు చేశారు, విసిరే వృత్తం అమర్చారు. లోపల వేడి ఉండేది కాదు. ఆ చలిలో ఆయన ఊపిరి పొగలా కనబడుతుండగా పోల్ పట్టుకుని పరుగెత్తాడు. ఆ వేసవిలోనే టోక్యోలో 9,018 పాయింట్లతో స్వర్ణం గెలిచి, ఒలింపిక్స్‌లో తొమ్మిది వేలు దాటిన తొలి మనిషి అయ్యాడు.

ఈ కథను ఇక్కడ అందరూ గర్వంగా చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటాను. కానీ ప్రతిసారీ నాకు కోపం కూడా వస్తుంది. ప్రపంచంలో అగ్రశ్రేణి డెకథ్లీట్ అయిన మనిషి ఒలింపిక్స్‌కు ఆరు నెలల ముందు చలికి వణికే రింకులో, వాలంటీర్లు మోసుకొచ్చిన సామానుతో సాధన చేయవలసి వచ్చిందంటే, నెలనెలా ఖాతాలో పడే భృతి ఒక్కటే సరిపోదని రుజువైనట్టు కాదా? ఆయనలో అథ్లెట్‌ను మొదట గుర్తించింది కూడా ప్రభుత్వ వ్యవస్థ కాదు. హైస్కూల్లో పాఠాలు చెప్పే గార్ లేషన్ అనే ఉపాధ్యాయుడు, బాస్కెట్‌బాల్ ఆడుతున్న కుర్రాణ్ని ట్రాక్ వైపు మళ్లించి, ఒలింపిక్స్ దాకా వెంట నడిచాడు. లేషన్ వంటి ఉపాధ్యాయుడు ఆ బడిలో లేకపోయి ఉంటే, కార్డు ఇవ్వడానికి ఎదురుగా మనిషే ఉండేవాడు కాదు.

ఓరుగల్లు పరుగు (ఎడ్మంటన్):

చలిమంట గారు చెప్పినదానికి, ఒలింపిక్ స్వర్ణం గెలిచిన స్ప్రింటర్ ఆండ్రె డి గ్రాస్ ఉదంతాన్ని కలపాలి. 2012లో మార్కమ్‌లో జరిగిన ఒక హైస్కూలు పోటీలో బాస్కెట్‌బాల్ నిక్కరు వేసుకుని, అడిగి తీసుకున్న స్పైకు బూట్లతో, కాళ్లు ఆనించే స్టార్టింగ్ బ్లాకులు వాడకుండా నిలబడే పరుగు మొదలుపెట్టాడు. దాన్ని చూసిన టోనీ షార్ప్, అంటే 1984 ఒలింపిక్స్ రిలేలో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, ఆ కుర్రాణ్ని తన క్లబ్బులోకి తీసుకున్నాడు. తర్వాత అతని పురోగతికి ఖర్చు పెట్టింది కెనడా కాదు. కాన్సస్‌లోని కాఫీవిల్ కమ్యూనిటీ కాలేజీ, ఆ పైన లాస్ ఏంజిలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ.

ఈ జాబితా ఇంకా పొడుగు. మా ఎడ్మంటన్‌లో పెరిగిన 800 మీటర్ల పరుగు వీరుడు మార్కో ఆరోప్ మిసిసిపీ స్టేట్‌లో చదివాడు. హైజంప్ విజేత డెరెక్ డ్రూయిన్ ఇండియానాలో, 5,000 మీటర్ల రజత విజేత మొహమ్మద్ అహ్మద్ విస్కాన్సిన్‌లో, హ్యామర్ విజేత కామ్రిన్ రోజర్స్ బర్కిలీలో, పోల్‌వాల్ట్ కాంస్య విజేత అలీషా న్యూమన్ మయామీలో చదివారు. పద్ధెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల దాకా వీరి చదువు, తిండి, కోచింగ్, ఫిజియో, ప్రయాణాలు చాలావరకు అమెరికా యూనివర్సిటీల క్రీడా విభాగాల పద్దులో నడిచాయి. కెనడా యూనివర్సిటీల్లో అథ్లెట్‌కు ఇచ్చే క్రీడా స్కాలర్‌షిప్ ఫీజులకు మించకూడదని నియమం. బస, భోజనం సొంత ఖర్చే. అందుకే ఈ ఊళ్లో బాగా పరుగెత్తే ప్రతి పిల్లా పదకొండో తరగతి నుంచే దక్షిణం వైపు చూస్తుంది.

ఇప్పుడా దారి ఇరుకవుతోంది. 2025 జూన్‌లో అమెరికా కోర్టు ఆమోదించిన కాలేజీ క్రీడల ఒప్పందంతో, దానిలో చేరిన యూనివర్సిటీలు ట్రాక్ జట్టులో పురుషులను 45 మందికి, స్త్రీలను 45 మందికి మించి ఉంచుకోవడానికి వీల్లేదు. మొదటి ఏడాదే పాయింట్లు తెచ్చేవారికి చోటు దొరుకుతుంది; రెండేళ్లు ఓపిక పడితే ఎదిగే పిల్లకు దొరకదు. ఇన్నేళ్లుగా మనం లెక్కలో రాయని ఈ పరాయి సాయం తగ్గితే, ఆ లోటు పూడ్చడానికి ఒట్టావాలోని ఫెడరల్ ప్రభుత్వం దగ్గర ఏ ఆలోచనా ఉన్నట్టు నాకు కనబడటం లేదు.

కృష్ణవేణి తీరం (వాంకూవర్):

అందరూ అమెరికా దారి పట్టలేదని గుర్తుచేయాలి. పారిస్‌లో 84.12 మీటర్లు విసిరి, 22 ఏళ్ల వయసులో హ్యామర్ స్వర్ణం గెలిచిన ఈథన్ కాట్జ్‌బర్గ్ నానైమోలో పుట్టి, మా బ్రిటిష్ కొలంబియాలోనే కామ్లూప్స్‌లో సాధన చేశాడు. ఆయన కోచ్ డిలన్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఈ పేరు దగ్గర ఒక నిమిషం ఆగండి. 2008 బీజింగ్‌లో షాట్‌పుట్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ 21.04 మీటర్లు విసిరి, ఒకే ఒక్క సెంటీమీటరు తేడాతో నాలుగో స్థానంలో నిలిచాడు. మూడో స్థానం దక్కించుకున్న బెలారూస్ ఆటగాడు ఆ తర్వాత డోపింగ్‌లో పట్టుబడగా, ఆర్మ్‌స్ట్రాంగ్‌కు కాంస్యం 2015 ఫిబ్రవరిలో కామ్లూప్స్‌లో, సొంత ఊరివాళ్ల మధ్య అందింది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు శిక్షణ ఇచ్చినవాడు 1972 మ్యూనిక్ హ్యామర్ విజేత, సోవియట్ యూనియన్‌లో పెద్ద కోచ్‌గా పేరు పొంది చివరికి కామ్లూప్స్‌లో స్థిరపడిన అనతోలీ బోందార్చుక్. బోందార్చుక్ విద్య ఆర్మ్‌స్ట్రాంగ్‌కు, ఆర్మ్‌స్ట్రాంగ్ విద్య కాట్జ్‌బర్గ్‌కు వచ్చింది. ఈ ఫలానికి రెండు దశాబ్దాలు పట్టింది, అంతకాలమూ ఆ ఊళ్లో ఒక కోచ్ నిలబడి ఉండటమే దానికి మూలం.

రిచ్‌మండ్‌లోని కజాక్స్ క్లబ్బు కూడా అటువంటిదే. 2025 టోక్యోలో హ్యామర్‌ను 80.51 మీటర్లు విసిరిన కామ్రిన్ రోజర్స్, 35 కిలోమీటర్ల నడకలో ప్రపంచ విజేత అయిన ఇవాన్ డన్‌ఫీ, ఇద్దరూ ఆ ఒక్క శివారు క్లబ్బులో పెరిగినవారే. ఆ క్లబ్బు నడిచేది పిల్లల ఫీజులతో, తల్లిదండ్రుల శ్రమతో. ప్రభుత్వ భృతి అథ్లెట్‌కు ఉంది. ఆ పిల్లను పన్నెండేళ్ల వయసు నుంచి చూసిన క్లబ్బు కోచ్‌కు ఏమీ లేదు. కాపుకొచ్చిన చెట్టుకే నీళ్లు పోస్తాం, నాటినవాడికి కుండ కూడా ఇవ్వం అన్నట్టుంది ఈ ఏర్పాటు.

ఉత్తర గాలి (మాంట్రియల్):

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1976లో మా ఊళ్లో ఒలింపిక్స్ జరిగినప్పుడు కెనడా ఒక్క స్వర్ణం కూడా గెలవలేదు. వేసవి ఒలింపిక్స్‌కు ఆతిథ్యమిచ్చి స్వర్ణం లేకుండా మిగిలిన మరో దేశం లేదు. 1988 కాల్గరీ శీతాకాల క్రీడల్లోనూ అదే జరిగింది. ఆ ఏడాదే సోల్‌లో బెన్ జాన్సన్ వంద మీటర్లు గెలిచి, స్టానొజొలాల్ అనే నిషిద్ధ స్టెరాయిడ్ వాడినట్టు తేలడంతో పతకం పోగొట్టుకున్నాడు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘానికి నాయకత్వం వహించిన న్యాయమూర్తి ఛార్లెస్ డూబిన్ 1990 నివేదికలో మందుల సంగతితో ఆగలేదు. పతకాలనే కొలబద్దగా పెట్టి నిధులివ్వడం వల్ల క్రీడలో ఎటువంటి ఒత్తిడి పుడుతుందో ప్రభుత్వం ఆలోచించుకోవాలని హెచ్చరించాడు. పదిహేనేళ్లు తిరక్కుండానే, 2010 వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్‌ను దృష్టిలో పెట్టుకుని ఓన్ ద పోడియం (పతక వేదిక మనదే) అనే కార్యక్రమం వచ్చింది. పేరులోనే దాని లక్ష్యం ఉంది. పతకం వచ్చే అవకాశం ఉన్నవారిని వెతికి, వారి కోచింగుకూ శాస్త్రీయ సహాయానికీ అదనపు సొమ్ము సిఫారసు చేయడం దాని పని. వాంకూవర్‌లో 14 స్వర్ణాలు వచ్చాయి, కాబట్టి దాన్ని తప్పుపట్టే గొంతులు తగ్గిపోయాయి.

బ్రిటన్‌తో పోల్చేవారు ఒక తేడా గుర్తుంచుకోవాలి. 1996 అట్లాంటాలో ఒక్క స్వర్ణంతో తిరిగొచ్చిన బ్రిటన్, ఆ మరుసటి ఏడాది నుంచి జాతీయ లాటరీ డబ్బును అథ్లెట్లకు మళ్లించి నిలదొక్కుకుంది. కెనడా ప్రభుత్వం చేతిలో లాటరీ లేదు. 1985 ఒప్పందంతో అది పూర్తిగా ప్రావిన్సులకు పోయింది. ఒంటారియో 2006లో క్వెస్ట్ ఫర్ గోల్డ్ పేరిట లాటరీ టికెట్టు అమ్మి తన అథ్లెట్లకు పంచడం మొదలుపెట్టింది, ఆ సాయం ఇప్పటికీ కొనసాగుతోంది. కాబట్టి ఒక అథ్లెట్‌కు అందే మొత్తం ఆమె ఏ ప్రావిన్సులో ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

తొలకరి (బ్రాంప్టన్):

ఇంత శ్రద్ధగా రాస్తున్న అందరికీ కృతజ్ఞతలు. నాకు ఇంకో సందేహం ఉంది. భృతి పెరిగింది సరే, జాతీయ జట్టులో ఉన్నవారు శిబిరాలకూ పోటీలకూ సొంత డబ్బు కడుతున్నారని విన్నాను. అది నిజమా? నిజమైతే పెంచిన 410 డాలర్లు ఎవరికి పెంచినట్టు?

పట్టిక (ఒట్టావా):

నిజమే, అసలు చిక్కు అక్కడే ఉంది. అథ్లెట్‌కు నేరుగా అందే భృతి ఒక పద్దు. జాతీయ క్రీడా సమాఖ్యలను నడిపే మూల నిధి మరో పద్దు. ఈ రెండో పద్దు 2005 తర్వాత చెప్పుకోదగ్గంత పెరగలేదని కెనడా ఒలింపిక్ కమిటీ ఏళ్లుగా మొరపెట్టుకుంటోంది. ఒలింపిక్, పారాలింపిక్ కమిటీలు కలిసి 2024 బడ్జెట్‌కు ముందు సమాఖ్యల కోసం ఏటా 104 మిలియన్ డాలర్లు అదనంగా అడిగాయి. బడ్జెట్‌లో భృతి పెంపు వచ్చింది, క్రీడా శిక్షణ సంస్థలకు రెండేళ్లకు 16 మిలియన్లు వచ్చాయి, ఆ 104 మిలియన్ల మాట రాలేదు. ఇరవై ఏళ్లలో విమాన టికెట్టు, హోటల్ గది, వైద్యుడి ఫీజు ఎంత పెరిగాయో అందరికీ తెలుసు. సమాఖ్యల ముందున్న దారులు రెండే: శిబిరాలు తగ్గించడం, లేదా జట్టు ఫీజు పేరిట అథ్లెట్ దగ్గర వసూలు చేయడం. చాలా క్రీడల్లో రెండూ జరుగుతున్నాయి. 410 డాలర్లు నెలకు ఎక్కువ ఇస్తే ఏడాదికి 4,920 అవుతుంది. ఐరోపాలో రెండు మూడు పోటీలకు సొంతంగా వెళ్లివస్తే అది హరించుకుపోతుంది. ర్యాంకింగ్ పాయింట్లతో ప్రపంచ పోటీలకు అర్హత నిర్ణయించే ఈ కాలంలో అలా వెళ్లకుండా ఉండటం కుదరదు.

కాబట్టి గోదారి గట్టు గారూ, మీరు అనుకుంటున్నట్టు ఈ యువతీయువకులు ప్రజల సొమ్ముతో హాయిగా బతకడం లేదు. చాలామంది పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తూ, ఇద్దరు ముగ్గురు కలిసి అద్దెకుంటూ బతుకుతున్నారు.

గోదారి గట్టు (విన్నిపెగ్):

జట్టులో ఉన్నవారి దగ్గరే జట్టు ఫీజు వసూలు చేస్తారన్నది నాకు కొత్త సంగతి. దేశం జెర్సీ తొడిగి పంపిస్తూ ఖర్చు వారినే పెట్టుకోమనడం తగని పని, అందులో నాకు మరో అభిప్రాయం లేదు. కానీ నా మూల ప్రశ్న అలాగే ఉంది. కృష్ణవేణి తీరం గారు చెప్పిన కజాక్స్ వంటి క్లబ్బులు ఊరికొకటి ఉంటే, పతకం రాని పిల్లలకు కూడా మేలు జరుగుతుంది. అటువంటి క్లబ్బు కోచ్‌కు ప్రజల డబ్బుతో చిన్న గౌరవ వేతనం ఇవ్వమంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. పన్ను కట్టేవాడికి తన వీధిలో కనిపించే ఫలితం అది.

ఓరుగల్లు పరుగు (ఎడ్మంటన్):

మన దేశంతో పోలిక ఒకసారి చూద్దాం. భారత ప్రభుత్వం 2014లో తెచ్చిన టాప్స్ పథకంలో ముఖ్య బృందంలోని వారికి నెలకు 50,000 రూపాయలు, డెవలప్‌మెంట్ బృందానికి 25,000 చేతిఖర్చుగా ఇస్తూ, విదేశీ శిక్షణ, పరికరాలు, కోచ్ ఖర్చు విడిగా భరిస్తారు. పతకం వచ్చాక రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చేది దీనికి అదనం. మా వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచినప్పుడు, తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. ఆ ప్రకటనలో నాకు మనసుకు హత్తుకున్నది వేరే ఉంది: ఆమె కోచ్‌కు కూడా పది లక్షలు ప్రకటించారు.

కెనడాలో పతకానికి ప్రభుత్వం ప్రత్యేకంగా బహుమతి ఇవ్వదు. స్వర్ణానికి 20,000, రజతానికి 15,000, కాంస్యానికి 10,000 డాలర్లు ఒలింపిక్ కమిటీ తన సొంత నిధి నుంచి ఇస్తుంది. పారాలింపిక్ విజేతలకు అదే మొత్తం పారిస్ నుంచే మొదలైంది, అదీ దాతల సొమ్ముతో. మన దగ్గర గెలిచాక వర్షం కురుస్తుంది, గెలవకముందు ఎండ. ఇక్కడ గెలిచాక కూడా సన్నటి జల్లే, అయితే అది నెలనెలా ఆగకుండా పడుతుంది. నన్నడిగితే, అథ్లెట్ మనశ్శాంతికి ఇక్కడి పద్ధతే మేలు. కోచ్‌ను గుర్తించే విషయంలో మాత్రం తెలంగాణను చూసి నేర్చుకోవాలి.

చలిమంట (లండన్, ఒంటారియో):

డబ్బు ఎంత అన్నదానితో పాటు, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అన్నది కూడా ఈ చర్చలోకి రావాలి. కార్డుకు పేరు ప్రతిపాదించేది సమాఖ్య. ఆ సమాఖ్యలోని కోచ్‌లు, అధికారులే శిబిరంలో అథ్లెట్ మీద అజమాయిషీ చేస్తారు. తన అద్దె డబ్బు ఎవరి సంతకంతో వస్తోందో వారి మీద ఫిర్యాదు చేయడానికి ఇరవై ఏళ్ల అమ్మాయికి ఎంత ధైర్యం కావాలి? కొన్నేళ్లుగా ఈ దేశంలో జిమ్నాస్టిక్స్ మొదలుకొని అనేక క్రీడల్లో బయటపడిన వేధింపుల కథల్లో, నిధులు పోతాయన్న భయంతో నోరు మెదపలేదన్న మాట పదే పదే వినబడింది. ఇప్పుడు ఫిర్యాదులు వినే పని సమాఖ్యల నుంచి తీసి స్వతంత్ర సంస్థకు ఇచ్చారు, 2025 ఏప్రిల్ నుంచి దాన్ని కెనడియన్ సెంటర్ ఫర్ ఎథిక్స్ ఇన్ స్పోర్ట్ చూస్తోంది. అది మంచి అడుగు. కార్డు ప్రతిపాదన కూడా అలా దూరంగా ఉన్నవారి చేతికి పోవాలని నా గట్టి నమ్మకం.

ఉత్తర గాలి (మాంట్రియల్):

చలిమంట గారి మాటతో ఏకీభవిస్తాను. క్రీడా వ్యవస్థ మొత్తాన్ని పరిశీలించడానికి 2024 మే నెలలో ప్రభుత్వం న్యాయమూర్తి లీజ్ మేజనూవ్ నాయకత్వంలో ఒక కమిషన్‌ను నియమించింది. అది 2025 ఆగస్టులో ప్రాథమిక నివేదిక ఇచ్చింది. వేధింపుల గురించి మొదలైన విచారణ చివరికి నిధుల దగ్గరికే రావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. కోచ్‌కు సరైన జీతం లేనిచోట, సమాఖ్యలో నలుగురు మనుషులు పది పనులు చేసేచోట, పిల్లల భద్రత చూడటానికి కూడా ఎవరికీ తీరిక ఉండదు.

తొలకరి (బ్రాంప్టన్):

మీ జవాబుల నుంచి, మా క్లబ్బుకు వచ్చే తల్లిదండ్రులకు ఏమి చెప్పాలో నాకు కొంత స్పష్టత వచ్చింది. పద్ధెనిమిదేళ్ల లోపు ఫెడరల్ భృతి మీద ఆశ పెట్టుకోవద్దని చెబుతాను, ఒంటారియో సాయానికి మాత్రం తప్పక దరఖాస్తు పెట్టమంటాను. పట్టిక గారూ, కార్డు వచ్చాక గాయమైతే ఏమవుతుందో కూడా చెప్పగలరా? హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) గాయంతో ఏడాదంతా పోగొట్టుకున్నవారిని మా మైదానంలోనే చూశాను.

పట్టిక (ఒట్టావా):

గాయం, అనారోగ్యం, గర్భధారణ వంటి కారణాలతో ప్రమాణం అందుకోలేకపోయినవారికి కార్డు కొనసాగించే నిబంధన ఉంది. అయితే అది దానంతట అదే జరగదు. గాయమైన వెంటనే సమాఖ్యకు రాతపూర్వకంగా తెలియజేయాలి, వైద్యుడి పత్రం జతచేయాలి, కోలుకునే ప్రణాళిక ఒకటి సమర్పించి దాని ప్రకారం సాధన సాగిస్తున్నట్టు చూపాలి. సీజన్ ముగిశాక, కార్డు రాలేదని తెలిశాక పంపిన పత్రాలకు విలువ చాలా తక్కువ. ప్రతిపాదన నుంచి పేరు తప్పిస్తే ముందు సమాఖ్యలోనే అప్పీలు చేసుకోవాలి, ఆ తర్వాత కెనడా క్రీడా వివాదాల పరిష్కార కేంద్రానికి వెళ్లవచ్చు. దాని గడువులు రోజుల్లో ఉంటాయి, నెలల్లో కాదు.

మరొక సంగతి. ఈ పథకంలో నెలసరి భృతి ఒక్కటే కాదు, చదువు ఫీజుల సాయం కూడా ఉంది. దాన్ని ఆట ఆడుతున్నప్పుడే వాడుకోవాలని లేదు. రిటైరయ్యాక చదువుకోవడానికి దాచుకోవచ్చు. ఇరవై ఏడేళ్లకు స్పైకులు విప్పి కాలేజీ మెట్లెక్కే అథ్లెట్‌కు అది కొండంత అండ, కానీ దాని సంగతే తెలియనివారు చాలామంది ఉన్నారు. జాతీయ ప్రమాణాలు ఏటా మారుతుంటాయి కాబట్టి, అథ్లెటిక్స్ కెనడా ప్రచురించే ఆ ఏడాది పత్రాన్ని సీజన్‌కు ముందే అమ్మాయి, కోచ్, తల్లిదండ్రులు కలిసి కూర్చుని చదవమని చెప్పండి. ఏ పోటీలో, ఏ తేదీ లోపల, ఎంత దూరం దూకితే లెక్కలోకి వస్తుందో అందులోనే ఉంటుంది.